ఆఫ్‌రోడ్ క్లబ్బుల్లో శిక్షణ, పరీక్ష తప్పనిసరి కావాలి

అయ్యా,

హైదరాబాద్‌లోని ఒక ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) వాహనాల క్లబ్బులో ఎనిమిదేళ్లుగా సభ్యుడిని. 2020 అక్టోబరులో కొత్త థార్, 2023 జూన్‌లో జిమ్నీ మార్కెట్లోకి వచ్చిన తర్వాత మా క్లబ్బులో చేరేవారు బాగా పెరిగారు. ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ వైపు బయలుదేరే వరుసలో సగం బండ్లకు ఇంకా కొత్త వాసన పోయి ఉండదు. వాటిని నడిపేవారిలో కొందరు లో రేంజ్ గేరు (వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే గేరు) వేయడం ఆ రోజే మొదటిసారి చూస్తారు. సభ్యత్వానికి మేము అడిగేది ఆర్‌సీ నకలు, లైసెన్సు నకలు, ఏడాది చందా మాత్రమే. దారి లేని చోట బండి నడపడం వచ్చా అని ఎవరూ అడగరు. ఈ పద్ధతి మారాలని, శిక్షణ పొంది పరీక్షలో నెగ్గిన సభ్యుడినే క్లబ్బులు తమ వెంట తీసుకువెళ్లాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం వానాకాలంలో, నల్లరేగడి బాటలో ఒక కొత్త సభ్యుడి బండి ఇరుసుల దాకా దిగబడింది. ముందున్న బండికి ట్రైలర్ తగిలించే ఇనుప గుండు కనిపించగానే, ఎవరో సాగే తాడు కొసను దానికే తగిలించి, బండిని ఒక్క ఊపున ముందుకు దూకించారు. గుండు విరిగి, తాడుతో సహా వెనక్కి ఎగిరి వచ్చి, దిగబడిన బండి ముందు అద్దాన్ని చీల్చుకుని ఎడమ సీటు తలదిండులో గుచ్చుకుంది. ఆ సీటులో ఉండవలసిన మనిషి, బురదలో ఊడిపోయిన చెప్పు కోసం దిగి ఉన్నందువల్ల బతికాడు. అక్కడ మద్యం లేదు, పందెం లేదు, ఆకతాయితనం లేదు. ట్రైలర్ గుండు నిలకడగా బరువు లాగడానికి చేసినదని, సాగిన తాడు తనలో దాచుకున్న బలం ఒక్కసారిగా గుంజితే దానికి తట్టుకోలేదని అక్కడున్న పన్నెండు మందిలో ఎవరికీ తెలియదు. ఆ పన్నెండు మందిలో నేనూ ఉన్నాను. ఇలాంటి దెబ్బలకు ఆస్ట్రేలియాలో మనుషులు చనిపోయారు. ఆ దేశ ప్రభుత్వం ఈ తాళ్ల మీద హెచ్చరిక చీటీ ఉండి తీరాలని చట్టబద్ధమైన ప్రమాణమే పెట్టింది.

మాకందరికీ లైసెన్సు ఉంది కదా అని అనవచ్చు. రవాణా శాఖ పరీక్ష రోడ్డు మీద నడపడానికి ఉద్దేశించినది. మలుపు తిప్పడం, వెనక్కి తీయడం, ఎత్తు మీద ఆపి జారకుండా కదిలించడం వరకు అది చూస్తుంది. దారి లేని నేల అడిగేది వేరు. నల్లరేగడి తడిస్తే టైరు గాడులన్నీ మన్నుతో నిండి చక్రం నున్నగా తయారవుతుంది, కాబట్టి ఆ మన్నును విసిరేయడానికి అక్కడ చక్రాన్ని కాస్త వేగంగా తిప్పాలి. ఏటి ఇసుకలో అదే పని చేస్తే బండి తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. ఇసుకలో దిగేముందు టైర్ల గాలిని దాదాపు సగానికి తగ్గించాలి, తిరిగి తారురోడ్డు ఎక్కి వేగం అందుకునే ముందు గాలి నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. మిట్ట ఎక్కుతూ సగంలో ఇంజిన్ ఆగిపోతే బండిని అడ్డంగా తిప్పుకోవాలని చూసేవాడు బోల్తా కొడతాడు. బ్రేకు పట్టుకుని, లో రేంజ్‌లో రివర్స్ గేరు వేసి, ఎక్కిన జాడలోనే నిటారుగా దిగాలి. వాగు ఎదురైతే ముందు మనిషి దిగి నడిచి చూడాలి. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో వెళ్లగలదని కంపెనీ ప్రకటించింది, కానీ ఆ అంకె ప్రవాహపు తోపుడు గురించి ఏమీ చెప్పదు. ఇవి చదివితే ఐదు నిమిషాల్లో అర్థమవుతాయి. చేతికీ కాలికీ అలవాటు కావడానికి మాత్రం పక్కన తెలిసినవాడు కూర్చుని పదేపదే చేయించాలి.

మన దేశంలో దీనికి దారులు లేకపోలేదు. మహీంద్రా సంస్థ మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ఆఫ్‌రోడ్ శిక్షణ కేంద్రం నడిపింది. మోటారు క్రీడల జాతీయ సమాఖ్య గుర్తించిన పోటీలో దిగాలంటే దాని లైసెన్సు ఉండాలి. కానీ మా ఆదివారపు యాత్ర పోటీ కాదు గనుక ఆ నియమాలు వర్తించవు. చాలా అపాయాలు జరిగేది ఈ సందులోనే అని నా నమ్మకం. ఆస్ట్రేలియాలో ఫోర్ వీల్ డ్రైవ్ బండిని నడపడం, దిగబడితే బయటకు తీయడం అనేది దేశమంతా చెల్లే ఒక శిక్షణాంశం. గనుల్లో పనిచేసేవారు కూడా దాన్ని నేర్చుకుని పత్రం పొందుతారు.

మన క్లబ్బులకు నేను సూచించేది దీనికంటే చిన్నది. రెండు రోజుల శిక్షణ చాలు. అందులో ఒక పూట పూర్తిగా తాళ్లు, వాటిని బండికి తగిలించే షాకిళ్లు (ఇనుప కొక్కేలు), తాడును చుట్టుకుంటూ బండిని లాగే విన్చ్ యంత్రం గురించే ఉండాలి, తాడు బిగిసినప్పుడు మనుషులు ఎంత దూరంలో నిలబడాలో నేల మీద గీత గీసి చూపాలి. పరీక్ష మాత్రం వేరే క్లబ్బు నుంచి వచ్చినవారు పెట్టాలి. స్నేహితుణ్ణి పరీక్షలో ఫెయిల్ చేయడం మనవల్ల కాదు. మొహమాటంతో ఇచ్చిన పత్రం అసలు లేకపోవడం కన్నా ప్రమాదం. వరుసకు ముందు నడిచేవారికి, చివర కాపు కాసేవారికి పై స్థాయి పత్రంతో పాటు ప్రథమ చికిత్స కూడా వచ్చి ఉండాలి. పత్రం వచ్చాక మనిషికి అతి ధైర్యం వస్తుందని మా పెద్ద సభ్యులొకరు అన్నారు. ఆ భయం నిజమే. అందుకే పత్రం మీద అతడు ఏ నేలలో పరీక్షించబడ్డాడో రాయాలి, ఇసుకలో నెగ్గినవాడిని వాగులోకి పంపకూడదు.

ఎక్కడికి వెళ్లకూడదో తెలుసుకోవడం కూడా ఈ శిక్షణలో భాగమే. 2023 డిసెంబరులో హిమాచల్‌లోని చంద్రా నదిలోకి, 2024 జూన్‌లో గుజరాత్‌లోని ముంద్రా వద్ద సముద్రంలోకి థార్‌లు దించి పోలీసు చర్యలు ఎదుర్కొన్నవారిని చూశాం. మన కోస్తా తీరంలో శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ ఇసుక మీద టైరు నడిస్తే కింద ఏముందో నడిపేవాడికి కనిపించదు. పంట చేలు, అభయారణ్యాలు కూడా అంతే.

నేర్పేవారు ఎక్కడ దొరుకుతారని అడుగుతారు. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి పాత జీపుల్లో పర్యాటకులను ఎక్కించుకుని రాళ్ల దారిలో రోజూ తిరిగే డ్రైవర్లను నేను గంటలకొద్దీ గమనించాను. చక్రం ఏ రాయి మీద పెట్టాలో వారికి తెలిసినంతగా మా క్లబ్బులో ఎవరికీ తెలియదు. వారికి తాళ్ల విద్య నేర్పి, తగిన వేతనంతో శిక్షకులుగా పిలవాలి. ఈ ప్రతిపాదనను మా క్లబ్బు సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాను. తెలుగు రాష్ట్రాల్లోని ఇతర క్లబ్బుల బాధ్యులు కూడా వచ్చే వానాకాలపు యాత్రల జాబితా వేసుకునే ముందే తమ సభ్యులతో దీన్ని చర్చించాలని, మొదటి పరీక్షకు ఒకరికొకరు పరీక్షకులను పంపుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక క్లబ్బు సభ్యుడు, హైదరాబాద్