పందెం పుంజుకి కుట్లు, పెరటి పెట్టకి కత్తిపీటా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో పెరటి కోళ్ళ గురించి అప్పుడప్పుడు రాస్తుంటారు. వనరాజా, గ్రామప్రియ రకాలు ఎలా పెంచాలి, కొక్కెర తెగులుకి టీకా ఎప్పుడు వేయించాలి, ఇలాంటివి. నేను చదువుతాను, నాకు పనికొచ్చాయి కూడా. కానీ కోళ్ళు పెంచే ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఒక విషయం మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. కుక్కో, పిల్లో, ముంగిసో కరిచి వదిలేసిన కోడిని ఏం చేయాలి? మా ఊళ్ళో అయితే దీనికి ఒకటే జవాబు, ప్రాణం పోకముందే కోసేయడం. నేను ఈమధ్య కోయకుండా ఒక పెట్టని బతికించుకున్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఏలూరు జిల్లా, చింతలపూడి వైపు. ఇంటి వెనకంతా ఆయిల్‌పామ్ తోటలు. నరికిన మట్టలు గుట్టలుగా పడుంటాయి, వాటి కింద ఎలకలు, ఎలకల కోసం పాములు, వాటి వెనక ముంగిసలు, బావురు పిల్లులు. బావురు పిల్లి ఎక్కువగా చీకటి పడ్డాకే వస్తుంది కాబట్టి పొద్దుగూకగానే కోళ్ళని గూట్లో పెట్టి తలుపేస్తే సరిపోతుంది. ముంగిస అలా కాదు, పట్టపగలే వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం మేం అన్నాలు తింటుంటే పుంజు ఒకటే గోల. ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. మా నల్ల పెట్ట అరటి పిలకల మొదట్లో పడి ఉంది, ముంగిస మట్టల కిందకి దూరిపోయింది.

చేతుల్లోకి తీసుకుంటే మెడ వాల్చేసింది. వీపు మీద అరచెయ్యంత మేర ఈకలు లేవు, చర్మం చీలి ఒక పక్కకి వేలాడుతోంది. ఎర్రగా ఉండే జుట్టు పాలిపోయింది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైనే ఉంటుంది, మామూలుగా పట్టుకుంటే మన చేతికి వెచ్చగా తగులుతుంది, అలాంటిది దాని కాళ్ళు చల్లగా అయిపోయాయి. మా అత్తయ్య కత్తిపీట తెమ్మన్నారు. ఆవిడ్ని నేను తప్పుపట్టను, ఆవిడకి తెలిసింది అదే, పైగా కోడి బాధపడుతుంటే చూడలేకే అన్నారు. కానీ మూడేళ్ళుగా మా పెరట్లో తిరిగిన పెట్ట, రెండుసార్లు పొదిగి పిల్లల్ని లేపింది, నాకు చేతులు రాలేదు.

దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే "కోడికి వైద్యం ఏంటమ్మా, కోసుకుని వండుకోండి" అని పెట్టేశారు. నాకు చాలా బాధేసింది. గేదెకైతే వస్తారు, మేకకైనా వస్తారు. కోడి మాత్రం పశువుల లెక్కలోకి రాదా? చివరికి మా ఊరి సచివాలయంలో పశుసంవర్ధక సహాయకురాలిగా చేస్తున్న అమ్మాయి సాయంత్రం డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి, డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడి మందు తెచ్చిచ్చింది, ఎలా చేయాలో కూడా చూపించింది. ఆ అమ్మాయికి ఈ ఉత్తరంలో కూడా థాంక్స్ చెప్పుకోవాలి.

తను చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. గాయం కన్నా ముందు దడుపు చంపుతుందట. అందుకని రక్తం బాగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి ఆపాలి, అంతే, మిగతాదంతా తర్వాత. కోడిని గంప కింద పెట్టి, పైన పాత చీర కప్పి, పిల్లలూ కుక్కలూ రాని మూల ఉంచాలి. నేను వంటింటి మూలలో పెట్టి, గంపకి జానెడు దూరంలో 40 వాట్ల బల్బు వెలిగించాను. మిగతా కోళ్ళ దగ్గర మాత్రం అస్సలు ఉంచకూడదు, ఎర్రగా రక్తం కనపడితే తోటి కోళ్ళే పొడిచి చంపేస్తాయి. నీళ్ళు కూడా నోరు తెరిచి పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు అంచున ఒక్కో చుక్క అంటిస్తే అదే చప్పరిస్తుంది. బెల్లం కలిపిన నీళ్ళు అలాగే పట్టాను.

కాస్త తేరుకున్నాక గాయం కడగడం. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో ఒకటిన్నర. చెంబుతో సన్నగా ధార పోస్తూ మట్టి, ఈకల ముక్కలు అన్నీ పోయేదాకా కడిగి, బెటాడిన్‌ని పల్చని టీ రంగు వచ్చేంత నీళ్ళు కలిపి రాశాం. మా పక్కింటి పిన్ని గాయం నిండా పసుపు కూరమంది, మన పెద్దవాళ్ళు చేసేదే. కానీ పంటి గాట్లు పైకి సూది మొనంత కనపడతాయి, లోపలికి లోతుగా ఉంటాయి, ముంగిస నోట్లో క్రిములన్నీ అక్కడికి చేరతాయి, పైన ముద్ద పెట్టి మూసేస్తే లోపల చీము పడుతుంది. ఇంకొకాయన నొప్పుల మాత్ర సగం నలిపి వేయమన్నారు. ఇది మాత్రం ఎవరూ చేయొద్దు. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు వల్లే కదా, ఆ కళేబరాలు తిని మన రాబందులు దాదాపు అన్నీ పోయాయి, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషి మాత్రలు పక్షులకి అంత ప్రమాదం.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కనపడిన గాయం కడిగి అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున గంప ఎత్తితే ఏదో వాసన. వెతికితే రెక్క కింద ఇంకో గాటు ఉంది, దాని చుట్టూ ఈకల మొదళ్ళకి ఈగల గుడ్లు సన్న నూకల్లా తెల్లగా అంటుకుని ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల అప్పటికే పురుగు కదులుతోంది. ఒక్క రాత్రిలో! ముల్లు తీసే శ్రావణంతో ఒక్కొక్కటీ ఏరడానికి గంటన్నర పట్టింది. అది కదలకుండా నా ఒళ్ళో పడుకుంది, మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. అందుకే చెప్తున్నాను, మొదటి రోజే ఈకలు విడదీసి ఒళ్ళంతా చూడండి, తోక కింద కూడా. గంప మీద దోమతెర కప్పండి.

మూడో రోజు దాకా అది మేత ముట్టలేదు. రెట్ట ఆకుపచ్చగా పడుతుంటే నాకు ఒకటే టెన్షన్, కడుపులో ఏమీ లేకపోతే అలాగే పడుతుందట. నాలుగో రోజు ఉడికించిన గుడ్డులో పచ్చసొన నలిపి, నానబెట్టిన నూకలతో కలిపి పెడితే రెండు ముక్కలు పొడిచింది. మా అత్తయ్యే మొదట చూసి నన్ను కేకేశారు. ఆ తర్వాత రోజూ పెరుగన్నం కలిపి పెట్టింది కూడా ఆవిడే. మూడు వారాలకి వీపు మీద చర్మం కింద నుంచి కొత్తగా అల్లుకొచ్చింది. అంత గాయం కుట్లు లేకుండానే మూసుకుంటుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు నా అసలు మాట. మా గోదావరి జిల్లాల్లో పుంజుకి గాయమైతే సూదీ దారం పట్టుకుని కుట్లు వేయగలిగినవాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. బాదం, జీడిపప్పు పెట్టి, వేడినీళ్ళ కాపడం పెట్టి చంటిపిల్లాడిలా చూస్తారు. చట్టం వద్దన్న పందెం కోసం అంత విద్య ఉంది మన దగ్గర. అదే ఇంట్లో, అదే పెరట్లో, గుడ్లు పెట్టే పెట్టకి గాయమైతే వండుకుందామంటారు. పందెం డబ్బు మగవాళ్ళ జేబులోకి పోతుంది, గుడ్ల డబ్బు ఆడవాళ్ళ చేతిలోకి వస్తుంది. మా వీధిలో నాటు గుడ్డు 15 రూపాయలకి అడిగి తీసుకెళ్తారు, నా ఫోన్ రీఛార్జి, పాప పుస్తకాలు అందులోంచే. ఆ విద్యలో కొంచెం పెట్టకి వాడితే తప్పేంటి?

అలాగని అన్నీ బతుకుతాయని చెప్పను. పేగు బయటికొచ్చినా, కాళ్ళు పూర్తిగా పడిపోయినా బాధ పెట్టకుండా పంపేయడమే మంచిది. ఇంకో విషయం, కోడిని విడిపించబోయి మనిషికి పంటి గాటు పడితే సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, రేబిస్ టీకా ఆలస్యం చేయొద్దు. కోపంతో ముంగిసకి ఉచ్చులు, విషం పెట్టొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మేం గూటికి అరంగుళం కన్నాల వెల్డు మెష్ కొట్టించాం. మెత్తటి కోళ్ళ జాలీ కోడిని ఆపుతుంది గానీ కుక్కనీ ముంగిసనీ ఆపదు.

పశుసంవర్ధక శాఖ వాళ్ళని అడిగేది ఒకటే. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేస్తే వచ్చే వైద్యం కోడికి కూడా అందేలా చూడండి, రాలేకపోతే ఫోన్లో అయినా చెప్పండి. మీరు కూడా రైతు పేజీలో ఒక వారం పశువైద్యులతో ఈ ప్రథమ చికిత్స రాయించండి, కత్తిరించి గోడకి అంటించుకుంటాం.

నల్ల పెట్టని పది రోజుల పాటు పెరట్లోనే గంప కింద ఉంచి, మిగతావాటికి కనపడేలా అలవాటు చేసి వదిలాం. వీపు మీద కొత్త ఈకలు వచ్చాయి. మొన్న మంగళవారం వడ్ల బస్తాల వెనక గుడ్డు పెట్టింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఏలూరు జిల్లా