దిగే రేవు సంగతి

బుజ్జీ,

నీ దగ్గర్నుంచి కబురు లేక చాలా రోజులైంది. పని ఎక్కువైందేమో అనుకుని ఊరుకున్నాం. మొన్న చిన్నత్త ఫోన్ చేసి, సెలవు దొరికితే చాలు కయాక్ వేసుకుని ఒక్కదానివే నదిలో తిరుగుతున్నావని చెప్పింది. చిన్నత్త మాటల్లో సగం తీసెయ్యాలి, తెలుసు. ఆ 'ఒక్కదానివే' ఏ సగంలోదో నువ్వే రాయి.

నేను వద్దనడం లేదు. లకుముకి పిట్టలు కనిపిస్తున్నాయా? నిట్టనిలువు మట్టి ఒడ్డులో బొరియ ఉంటే దాని గూడే కావచ్చు. అటు కయాక్ పోనివ్వకు. వంపులో బయటి వైపు లోతూ వడీ ఎక్కువ. లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది, దిగడానికి అదే మేలు. కాకపోతే తీతువు నెత్తిమీద గోల పెడుతుంటే అక్కడ దిగకు. గుడ్లు గులకరాళ్లలో కలిసిపోయి కనబడవు. నీటికాకి మునిగి లేచాక రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది చూడు, నువ్వేమో తడిబట్టలతోనే ఇంటిదాకా వస్తావు.

పెద్దమామయ్య సంగతి విన్నావుగా, మళ్లీ విను. ముందొక నారాయణపక్షి. పడవ దగ్గరికి రాగానే లేచి కాస్త దిగువన వాలుతుంది. ఈయన మళ్లీ వెనకాలే. దిగాల్సిన రేవు ఎప్పుడు దాటిపోయిందో తెలియదు. రోడ్డు మీంచి చూసి పెట్టుకున్న రేవు నీళ్లలోంచి చూస్తే ఆనవాలు పట్టలేం కదా. ఎదురుగా నీటి మీద గీత గీసినట్టు కనిపించింది, ఆపైన హోరు. చిన్న ఆనకట్ట! దాని కింద నీరు వెనక్కి తిరగబడుతూ మనిషిని పైకి తేలనివ్వదు. ఏదో చెట్టు వేరు పట్టుకుని ఒడ్డెక్కి, ఒంటి చెప్పుతో చీకట్లో నడిచొచ్చాడు. ఆ పక్షి మాత్రం ఆయన నెత్తి మీదుగా వెనక్కి తిరిగి తన చోటికి పోయిందట. ఇప్పటికీ దాన్నే తిడతాడు.

లెక్చర్ ఇవ్వకూడదనుకున్నాను, కుదరడం లేదు. బయల్దేరే ముందు దిగే రేవుకు వెళ్లి, నీళ్లలోంచి కనబడే గుర్తు ఒకటి కట్టు. ఎగువన వాన పడితే ఆ రోజు మానెయ్. నీళ్లలోకి వాలిన కొమ్మల జోలికి పోకు, వాటి సందుల్లోంచి నీరు పోతుంది గానీ పడవ పోదు. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకోవడానికి కాదు. ఫోను కయాక్‌కి కాదు, నీ ఒంటికి కట్టుకో.

ఎక్కడ ఎక్కుతావో, ఎక్కడ దిగుతావో, ఎన్నింటికో ముందురోజే మెసేజ్ పెట్టు. నాకు పెట్టడానికి నీకు బద్ధకమైతే అన్నయ్యకు పెట్టు. చిన్నత్తకు మాత్రం పెట్టకు.

నాన్న