షుగర్ ఉన్నవారి ఉపవాసం: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నాకు పదకొండేళ్లుగా షుగర్ ఉంది. ఉపవాసాలు అంతకు ముందు నుంచే ఉంటున్నాను, ఇకపైనా ఉంటాను. కాబట్టి ఉపవాసం వద్దనమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు.

కిందటి ఏడాది ఉపవాసం ఉన్న ఒక మధ్యాహ్నం, ఆఫీసులో ఒకే అంకెల వరుసను మూడుసార్లు కూడితే మూడు రకాల మొత్తాలు వచ్చాయి. చెమట లేదు, వణుకు లేదు. "ఒంట్లో బాగుందా?" అని పక్క సీటాయన అడిగితే ఆయన మీదే విసుక్కున్నాను. పట్టుబట్టి వేలు గుచ్చించాడు. చక్కెర 52 (mg/dL) ఉంది. గ్లూకోజ్ తాగాక మీటర్‌లో అంకె పెరిగింది గానీ, బుర్ర తేరుకోవడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

శరీర బరువులో మెదడు 2 శాతమే. ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం దానికే పోతుంది. చక్కెరను అది దాచుకోలేదు. షుగర్ లేనివారు పస్తుంటే రక్తంలో చక్కెరను తగ్గించే ఇన్సులిన్ దానంతటదే తగ్గుతుంది, కాలేయం తన నిల్వల్లోంచి చక్కెర వదులుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకున్నవారికి ఆ వెసులుబాటు ఉండదు. తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. చక్కెర 54 కంటే దిగితే ఏకాగ్రత చెదురుతుంది, స్పందన నెమ్మదిస్తుంది. ఏళ్లుగా జబ్బు ఉన్నవారిలో చెమట, వణుకు లాంటి సూచనలు కూడా మొద్దుబారతాయి. భయపడి మందులు మానేస్తే చక్కెర బాగా పెరుగుతుంది, అప్పుడూ ఆలోచన మందగిస్తుంది.

2001లో 13 దేశాల్లో 12,000 మందికి పైగా షుగర్ ఉన్నవారి మీద జరిగిన ఎపిడయార్ అధ్యయనంలో, మిగతా నెలలతో పోలిస్తే రంజాన్ మాసంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం టైప్-1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని) వారిలో 4.7 రెట్లు, టైప్-2 (ఇన్సులిన్ సరిగా పనిచేయని) వారిలో 7.5 రెట్లు కనిపించింది.

అయినా ఉపవాసం ఎప్పుడు విరమించాలో రోగే తేల్చుకోవాలని వదిలేస్తున్నాం. చక్కెర పడిపోతే ముందుగా పోయేది ఆ తేల్చుకునే తెలివే కదా, మంత్రి గారూ!

అందుకే ఆ నిర్ణయాలన్నీ ముందే జరిగిపోవాలి. ఉపవాస మాసానికి 6 నుంచి 8 వారాల ముందు ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, మోతాదులు సరిచూసే ఏర్పాటు చేయండి. చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం ఆపాలన్న సంగతి ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి పంపించండి. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే ఉపవాసం చెడదని మతపెద్దల నోటనే చెప్పించండి. చాలామంది ఆ అనుమానంతోనే మీటర్ ముట్టుకోరు. బండ్లు, యంత్రాలు నడిపేవారికి, నర్సులకు ఆ రోజుల్లో డ్యూటీ వేళలు మార్చుకునే వీలు ఇవ్వాలి. పరీక్ష హాల్లోకి మీటర్, గ్లూకోజ్ తీసుకెళ్లనివ్వాలి.

ఆ మధ్యాహ్నం నా పక్క సీటు ఖాళీగా ఉండి ఉంటే, తప్పుల లెక్క మీద సంతకం పెట్టి, బండి నడుపుకుంటూ ఇంటికి బయల్దేరేవాణ్ణి.

ఇట్లు,
షుగర్‌తో ఉపవాసం ఉండే ఒక ఉద్యోగి