చిన్నా, ముందు నీ కాళ్లు కొలుచుకో

తిరుపతి, ఎం.ఆర్.పల్లి
ఆదివారం మధ్యాహ్నం

చిన్నాకు అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం.

మొన్న ఫోన్‌లో "అమ్మా, బైక్ కొంటున్నా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశావు. పక్కనే ఉన్న మీ నాయన ఆ మాట విని రాత్రంతా దొర్లుతూనే ఉన్నాడు. ఎన్ని సీసీ, కంతులు ఎన్నేళ్లు, రేణిగుంట రోడ్డులో ఆ లారీల మధ్య ఎట్లా నడుపుతాడు అని ఒకటే గొణుగుడు. తెల్లారి కాఫీ చేతికిచ్చి, అది పెట్రోలు పోసే బైక్ కాదు, రోడ్ బైక్ అంటే సైకిలే అని చెప్పాను. కాసేపు నెమ్మదించాడు. ధర చెప్పగానే "సైకిలుకు అరవై వేలా?" అని ఇంకో టెన్షన్ మొదలు. ఆయన దృష్టిలో సైకిలంటే మేడమెట్ల కింద ఉన్న ఆ నల్ల సైకిలే కదా.

నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. ఫోన్‌లో చెబితే సగం వింటావు, అంకెలు అసలే గుర్తుండవు. అందుకే కాగితం మీద రాస్తున్నా. షాపుకు పోయేటప్పుడు జేబులో పెట్టుకుని పో.

మూడింటిలో ఏది బాగుందని అడిగావు. మూడూ బాగున్నాయి. కానీ జూన్ నుంచి నువ్వు తొక్కబోయేది ఏ రోడ్డు? నంది హిల్స్ కాదు. మన ఇంటి నుంచి ఏర్పేడు ఐఐటీకి. పోను పాతిక కిలోమీటర్ల పైమాటే, రాను అంతే. రేణిగుంట దాటేదాకా ఆటోలు, బస్సులు, అడ్డం వచ్చే ఆవులు. అక్కడి నుంచి హైవే. హైవే అంటే నున్నగా ఉంటుందనుకోకు. తెల్లగీత ఇవతల నీకు మిగిలే రెండడుగుల్లో ఇసుక, గాజుపెంకులు, ఎదురుగా రాంగ్‌సైడులో వచ్చే మోటార్‌సైకిళ్లు. ఇంకో సంగతి నువ్వు ఆలోచించి ఉండవు. పొద్దున నువ్వు పోయేది తూర్పుకు, సాయంత్రం వచ్చేది పడమరకు. రెండు పూటలా సూర్యుడు నీ కళ్లలోనే. నీ వెనక వచ్చే లారీ డ్రైవరు కళ్లలో కూడా. కాబట్టి వెనక ఎర్రలైటు పట్టపగలు కూడా వెలుగుతూ ఉండాలి. ఇది సైకిలు ధరలో భాగమనే అనుకో.

రోజూ తొక్కుతానంటున్నావు. నేనైతే వారానికి రెండు రోజులని రాసుకుంటా. మేలో అదీ వద్దు.

ఇప్పుడు నా కథ. సగం నీకు తెలుసు, మిగతా సగం దాచిపెట్టాను. నాలుగేళ్ల కిందట నేను మొదట కొన్న సైకిలు నాకు పడక అమ్మేశానని చెప్పాను కదా. పడకపోవడం కాదురా, అది నా సైజే కాదు. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. ఒక షాపువాళ్లు నాకు 54 సెంటీమీటర్ల సైజు ఫ్రేము అంటగట్టారు. స్టాకులో అదొక్కటే ఉందని నాకు తర్వాత అర్థమైంది. "పెద్దదేమో" అంటే "సీటు దించితే సరిపోతుంది మేడమ్" అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, సీటు దించితే హ్యాండిల్ దగ్గరికి రాదని నాకు తట్టలేదు చూడు! రంగు బాగుంది, అంతే.

శ్రీనివాసమంగాపురం దాకా పోయి రావడం బాగానే ఉండేది. ఒక ఆదివారం రంగంపేట దాటి కల్యాణి డ్యాం దాకా పోయాను. హ్యాండిల్ అందుకోవడానికి ముందుకు సాగిలపడి, ఒంటి బరువంతా అరచేతుల మీదే మోపి తొక్కాను. సోమవారం తొమ్మిదో తరగతిలో బోర్డు మీద త్రిభుజం గీస్తుంటే చాక్‌పీసు చేతిలోంచి జారిపోయింది. తీసుకున్నా, మళ్లీ జారింది. చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారి ఉన్నాయి, గిల్లితే తెలియడం లేదు. ముందు బెంచీ పిల్ల లేచి వచ్చి తీసిచ్చింది. షుగరు వచ్చిందేమోనని భయపడి పరీక్ష కూడా చేయించుకున్నా. షుగరు లేదు. అరచేయి కింద నుంచి ఆ రెండు వేళ్లకు పోయే నరం నలిగిందని డాక్టరు చెప్పింది. మూడు వారాలకు సర్దుకుంది. 52 వేలకు కొన్నది ఏడు నెలలకు 37 వేలకు అమ్మాను. మీ నాయనకు మాత్రం 45కు అమ్మానని చెప్పాను. ఈ ఉత్తరం ఆయన కంట పడనీకు.

కాబట్టి షాపులో అడుగుపెట్టే ముందు నీ కాళ్లు కొలుచుకో. ప్యాంటు కొలత పనికిరాదు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడు, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచు. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చున్నప్పుడు తగిలేంత గట్టిగా పైకి నొక్కు. పుస్తకం పై అంచు గోడ మీద ఎక్కడ తగిలిందో గీత గీసి, నేల నుంచి కొలువు. మూడుసార్లు కొలిచి సగటు తియ్యి. నాది 73 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 0.883తో హెచ్చిస్తే 64.5. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు అది. 0.67తో హెచ్చిస్తే దాదాపు 49, ఫ్రేము సైజు సుమారుగా అంత. నాకు 54 ఇచ్చారు! నీకు 80 దగ్గర వస్తుందనుకుంటున్నా. అట్లయితే సీటు ఎత్తు 70.6, ఫ్రేము 53 చిల్లర, అంటే 52 గానీ 54 గానీ. రెండు సైజుల మధ్యలో పడితే చిన్నదే తీసుకో. చిన్న ఫ్రేములో సీటు కడ్డీ పైకి లాగొచ్చు, హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్క కొంచెం పొడుగుది వేయించుకోవచ్చు. పెద్ద ఫ్రేమును కోసి చిన్నది చేయలేం.

ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. ఒకరి ఎం ఇంకొకరి ఎస్ అవుతుంది. కంపెనీలిచ్చే పట్టికలో స్టాక్, రీచ్ అని రెండు అంకెలు ఉంటాయి. పెడళ్ల ఇరుసు నుంచి ఫ్రేము ముందు గొట్టం పైకొన ఎంత ఎత్తులో ఉందో స్టాక్, ఎంత ముందుకు ఉందో రీచ్. స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ అయితే నడుము వంచే పని తక్కువ. పందేల సైకిళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. ఎండ్యూరెన్స్ అని అమ్మేవి మనలాంటివాళ్లకు.

ఇక నీ మొదటి ఫొటో, ఆ సెకండ్‌హ్యాండ్ కార్బన్ సైకిలు. చూడ్డానికి కత్తిలా ఉంది, కాదనను. కానీ కార్బన్ ఫ్రేముకు లోపల చీలిక ఉంటే పైన రంగు మీద ఏమీ కనిపించకపోవచ్చు. ఎక్కడ పడేశారో, ఏ కారు వెనక కట్టుకుని తిరిగారో మనకేం తెలుసు? అసలు బిల్లు, ఫ్రేము నంబరు చూపించని మనిషి దగ్గర ఏదీ కొనకు.

దానికి ఇంకో చిక్కు గేర్లలో ఉంది. ముందు రెండు పళ్లచక్రాలకు 53, 39 పళ్లు, వెనక వాటిలో పెద్దదానికి 25. కొండ ఎక్కేటప్పుడు నీకు దొరికే అన్నిటికన్నా తేలిక గేరు 39ని 25తో భాగిస్తే 1.56. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటిన్నర చుట్టు పైనే తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు కాబట్టి ఒక్కో చుట్టుకు 3.3 మీటర్లు. నిమిషానికి 60 సార్లు తొక్కాలంటే గంటకు 12 కిలోమీటర్ల వేగంతో కొండ ఎక్కాలి. నీ రెండో ఫొటోలోదానికి ముందు చిన్నది 34, వెనక పెద్దది 32. లెక్క వేస్తే గంటకు 8 కిలోమీటర్లు చాలు. భాకరాపేట ఘాట్‌లో ఈ తేడా ఏంటో నీ మోకాళ్లకు తెలుస్తుంది. మీ నాయన నల్ల సైకిలుకు ముందు 44, వెనక 18, అదొక్కటే గేరు. ఘాట్ ఎట్లా ఎక్కేవాడివని అడిగితే "దిగి తోసుకుంటూ" అన్నాడు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేనూ రెండుసార్లు తోశాను.

గేర్ల పేర్లు చూసి కంగారు పడకు. గేర్లు తయారుచేసే షిమానో కంపెనీలో క్లారిస్ అంటే వెనక 8 పళ్లచక్రాలు, సోరా 9, టియాగ్రా 10, 105 అనే రకం పాతదైతే 11, కొత్తదైతే 12. పైకి పోయేకొద్దీ మార్పు మెత్తగా ఉంటుంది, బరువు కొంచెం తగ్గుతుంది. చైను, వెనక పళ్లచక్రాలు అరిగినప్పుడు ఖర్చు కూడా అట్లాగే పైకి పోతుంది. నాది సోరా. ఏర్పేడుకు క్లారిస్ కూడా చాలు.

మూడోది, తిన్నని హ్యాండిల్, ముందు షాక్ అబ్జార్బర్ ఉన్నది, నీకు వద్దు. ఊళ్లో పాలకు, కూరలకు బాగుంటుంది. పాతిక కిలోమీటర్లు ఎదురుగాలిలో నిటారుగా కూర్చుని తొక్కి చూడు, నీ చొక్కానే తెరచాపై నిన్ను వెనక్కి లాగుతుంది. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్ ఉపయోగం వంగడం ఒక్కటే అనుకోకు. చేతులు పెట్టుకోవడానికి మూడు చోట్లు దొరుకుతాయి, మార్చుకుంటూ పోతే వేళ్లు మొద్దుబారవు.

టైర్ల దగ్గర మాత్రం మొహమాటపడకు. 25 మిల్లీమీటర్ల వెడల్పు వద్దు, 28 ఉండాలి, 32 పట్టే ఫ్రేమయితే ఇంకా మంచిది. సన్నటి టైరు, రాయిలా నింపిన గాలి ఉంటేనే వేగమని నేనూ నమ్మేదాన్ని. గరుకు రోడ్డు మీద రాయిలాంటి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగరడంలోనే నీ బలం కొంత వృథా. నేను 28 టైరులో గాలి 65 పీఎస్ఐ పెడతా. నీ బరువుకు 75 దగ్గర మొదలుపెట్టి చూసుకో.

పంచర్ల సంగతి చెబుతా. తుమ్మలగుంటలో ఒకసారి ముల్లు దిగింది. ఊరి పేరులోనే తుమ్మ ఉంది, ఇంక ముల్లు లేకుండా ఎట్లా ఉంటుంది! పంచర్ కొట్టతను చక్రం ఊడదీసి, ట్యూబు వాల్వును రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురులోకి ఎత్తి చూశాడు. "ఇదేంది మేడమ్, సూది మాదిరి ఉండాది" అన్నాడు. రోడ్ బైక్ ట్యూబులకు ఉండే ప్రెస్టా వాల్వు అది. పైన చిన్న నట్టు వదులు చేస్తేనే గాలి లోపలికి పోతుంది. అతని కంప్రెసర్ మూతి మోటార్‌సైకిల్ వాల్వుకు పట్టేది, దీనికి పట్టదు. పాపం గుడ్డ చుట్టి కూడా చూశాడు. నాకు ఆటోలో రావాల్సి వచ్చింది, సైకిలు ఒళ్లో పెట్టుకుని. ఆ తర్వాత ఇత్తడి మూత ఒకటి తెప్పించుకున్నా. గోలీ అంత ఉంటుంది. ప్రెస్టా మీద బిగిస్తే ఏ పంచర్ షాపులోనైనా గాలి పట్టొచ్చు. అది, చేతిపంపు, రెండు ట్యూబులు, టైరు ఊడదీసే పుల్లలు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

బ్రేకులు డిస్కువే తీసుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడి వానలు నీకు తెలియనివి కావు, తడిసిన రిమ్ము మీద రబ్బరు పట్టడానికి టైము తీసుకుంటుంది. తీగతో లాగే డిస్కు చాలు, మనమే బిగించుకోవచ్చు. మడ్‌గార్డులు, క్యారియరు బిగించడానికి ఫ్రేముకు రంధ్రాలు ఉన్నాయా అని వంగి చూడు. ల్యాప్‌టాప్ వీపు మీద మోస్తే వారంలో మానేస్తావు.

నీ దగ్గర 60 వేలుంటే సైకిలుకు 48 దాటకు. హెల్మెట్, లైట్లు, పంపు, మెత్త ఉన్న నిక్కరు వీటికి మిగిలినవి అయిపోతాయి. ఆ నిక్కరుకు సిగ్గుపడకు, నాది మేడ మీద ఆరేస్తే ఎదురింటావిడ ఏం చికిత్స అని అడిగింది. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమే. బిల్లులో చూసుకో. కాళ్లు బిగించే పెడళ్లు ఇప్పుడే వద్దు, రేణిగుంట సిగ్నల్లో అందరి ముందూ పక్కకి పడతావు.

చివరికి, తొక్కి చూడనివ్వని షాపులో కొనకు. షాపు ముందు రెండు చుట్లు కొట్టడం తొక్కడం కాదు, ఇరవై నిమిషాలు పోయి రా. బ్రేకు పిడుల మీద చేతులు పెట్టినప్పుడు మోచేతులు కొంచెం వంగి ఉండాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు కాలి బొటనవేలు ముందు చక్రానికి తగులుతోందా చూడు. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి దించితే కాలు సరిగ్గా తిన్నగా రావాలి. చిటికెనవేలు చిమచిమలాడిందంటే ఎంత ముద్దొచ్చినా అక్కడే వదిలేసి వచ్చెయ్.

ఇంకా ఏమైనా సందేహముంటే నీ కొలత, ఆ సైకిలు స్టాక్, రీచ్ కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. లెక్క నేను చూస్తా.

మీ నాయన నిన్న మేడమెట్ల కింద నుంచి నల్ల సైకిలు బయటికి లాగి, తుడిచి, చైనుకు నూనె వేసి పెరట్లో పెట్టాడు. ఎందుకంటే చెప్పలేదు. ఖాళీ అయిన చోట గోడకు కొక్కెం కొట్టాడు. ఎత్తు సరిపోతుందా అని నా సైకిలు తగిలించి చూసి, అంగుళం పైకి మార్చి మళ్లీ కొట్టాడు.

వచ్చేటప్పుడు ఆ ఇత్తడి మూతలు రెండు తీసుకురా. నాది ఇంకోసారి పోయినప్పుడు ఆ తుమ్మలగుంట కొట్లోనే మర్చిపోయి వచ్చాను.

మీ అమ్మ