రెండో తరగతికి పది సబ్జెక్టులా?

ఎడిటర్ గారికి నమస్కారం.

జూన్ వచ్చిందంటే మీ పేపర్లో సగం స్కూళ్ల యాడ్‌లే ఉంటాయి. ఈసారి ఒకదాంట్లో ఒకటో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని చూశాక ఇక ఊరుకోలేక రాస్తున్నాను. నేను 33 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా, చేసి 2019లో రిటైరయ్యాను. అందులో ముప్పాతిక భాగం ఒకటి, రెండు తరగతులకే చెప్పాను (పెద్ద తరగతులు మాస్టార్లు తీసుకుని చిన్నపిల్లల్ని మా ఆడ టీచర్లకు వదిలేయడం ఆ రోజుల్లో మామూలే, దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి).

మా అమ్మాయి కూతురు ఈ ఏడు రెండో తరగతిలోకి వచ్చింది. టౌన్లో ఒక ఇంగ్లిష్ మీడియం స్కూలు. మొదటి వారమే భుజాలు నొప్పులంటుంటే ఆ బ్యాగు తీసుకెళ్లి మా వీధి కిరాణా కొట్లో కాటా మీద పెట్టించాను. నాలుగు కిలోల రెండు వందల గ్రాములు తూగింది, అదీ నీళ్ల బాటిల్ తీసేశాక. ఇంటికొచ్చి విప్పి చూస్తే తెలుగు, ఇంగ్లిష్, హిందీ, మ్యాథ్స్, సైన్స్, సోషల్, జీకే, కంప్యూటర్, మోరల్ సైన్స్, కర్సివ్ రైటింగ్. వీటిలో చాలావాటికి క్లాస్‌వర్క్‌కి ఒక నోట్సు, హోంవర్క్‌కి ఇంకో నోట్సు. పిల్లకి ఏడేళ్లు.

ఇదంతా ముసలమ్మ చాదస్తం అనుకుంటారేమో, కాదు. 2018 నవంబర్లో కేంద్రం అన్ని రాష్ట్రాలకూ సర్క్యులర్ పంపింది. ఒకటి, రెండు తరగతులకి భాష, లెక్కలు తప్ప వేరే సబ్జెక్టు పెట్టకూడదు, హోంవర్క్ ఇవ్వకూడదు, బ్యాగు కిలోన్నర దాటకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు కూడా ఒకటి, రెండు తరగతులకి పరిసరాల విజ్ఞానం పుస్తకం విడిగా వెయ్యరు, అది మూడో తరగతి నుంచే మొదలవుతుంది. మరి మా మనవరాలి చేతిలో ఉన్న ఆ సైన్సు పుస్తకం ఎవరు రాయమన్నారో, ఎవరు కొనమన్నారో, దాని మీద మూడు వందల యాభై ఎవరు వేశారో నాకైతే అర్థం కాలేదు.

ఆ పుస్తకంలో ఏముందో కూడా చూశాను. లివింగ్ థింగ్స్, నాన్ లివింగ్ థింగ్స్. డెఫినిషన్ అడిగితే పిల్ల కళ్లు మూసుకుని గడగడా చెప్పేసింది. అయితే మన పెరట్లో కరివేపాకు చెట్టు లివింగా, నాన్ లివింగా అన్నాను. 'నాన్ లివింగ్ అమ్మమ్మా, అది నడవదుగా' అంది. నోట్సులో మాత్రం ఆ పాఠానికి పదికి పది మార్కులున్నాయి, పక్కన స్టార్ కూడా పెట్టారు.

అలాగని చెట్లూ చేమలూ, దోమలూ రోగాలూ చిన్నపిల్లలకి చెప్పొద్దని నేననడం లేదు. ఆ వయసులో అవన్నీ విడివిడిగా ఉండవు అంటున్నాను. ఒక రోజు సంగతి చెబుతాను. మా బడిలో మధ్యాహ్న భోజనానికి గుడ్డు పెట్టే రోజున వంటమ్మ పొద్దున్నే వచ్చి 'ఎన్ని ఉడకెయ్యమంటారు టీచర్‌గారూ' అని అడిగేది. ఆ లెక్క నేను చెప్పేదాన్ని కాదు, రెండో తరగతి వాళ్లకి అప్పజెప్పేదాన్ని. ఇద్దరు పిల్లలు అన్ని తరగతులకీ వెళ్లి రానివాళ్ల పేర్లు అడిగి వచ్చేవారు, నేను బోర్డు మీద రాసేదాన్ని. బడిలో మొత్తం 43 మంది, ఆ రోజు రానివాళ్లు ఆరుగురు. పలక మీద తీసివేత ఇస్తే బిక్కమొహం వేసే ఒక కుర్రాడు అందరికంటే ముందు 'ముప్పై ఏడు' అని అరిచాడు. ఎలా వచ్చిందిరా అంటే, 'ముగ్గురివి తీసేస్తే నలభై, ఇంకో ముగ్గురివి తీస్తే ముప్పై ఏడు' అన్నాడు. ఆ పద్ధతి నేను నేర్పలేదు, గుడ్లే నేర్పాయి.

ఇక బోర్డు మీద పేర్లు. పుస్తకంలో ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదు, కానీ లక్ష్మి అన్న పేరు వాళ్లకి చదవడం వచ్చు, ఎందుకంటే లక్ష్మి వాళ్ల పక్కన కూర్చునే పిల్ల. అప్పలనాయుడు పేరులో 'ప్ప' ఉంది, సత్యవతి పేరులో 'త్య' ఉంది. మొత్తం ఒత్తుల పాఠం హాజరు పట్టీలోనే ఉంది చూడండి! ఆ తర్వాత ఎందుకు రాలేదు అనే మాట వచ్చింది. ముగ్గురికి జ్వరం, ముగ్గురిదీ ఒకటే వీధి. అందరం కలిసి ఆ వీధి బోరింగు దగ్గరికి వెళ్లి నిలవ నీళ్లలో గిలగిల తిరిగే పురుగుల్ని చూసి, అవే దోమలవుతాయని చెప్పుకుని వచ్చాం. వెనక్కి వచ్చాక పలకల మీద రాయమంటే ఒకమ్మాయి 'బోరింగు కాడ దోమ పిలలు' అని రాసింది. ఒత్తు లేదు, నిజమే, కానీ ఎవరూ చెప్పకుండా తను చూసిన దాన్ని తనే రాసింది. ఇందులో తెలుగు ఎంత, లెక్కలు ఎంత, సైన్సు ఎంత అంటే నేను చెప్పలేను.

ఇదేమీ నా గొప్ప కాదు. 1990 ప్రాంతంలో ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) అని బ్రిటన్ డబ్బుతో ఒక ప్రాజెక్టు నడిచింది, మా తరం టీచర్లందరికీ గుర్తుంటుంది. పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టండి, చేతులతో చేయించండి, వాళ్లు చేసింది గోడకి దారం కట్టి వేలాడదీయండి అని ట్రైనింగులు ఇచ్చారు. మొదట్లో టీ బిస్కెట్ల కోసమే వెళ్లామని ఒప్పుకుంటాను. తర్వాత తర్వాత అందులో సగమైనా పనికొచ్చింది. ఇప్పుడు 2020 విద్యా విధానంలో చెబుతున్నది కూడా కొంచెం అటూ ఇటూగా అదే, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశ, ఆటపాటలతో చెప్పండి అని.

లెక్కల గురించి కూడా ఒక మాట. మా మనవరాలికి సిక్స్‌టీన్ అని చెబితే 61 వేస్తోంది. వాళ్ల మిస్ ఎర్రపెన్నుతో కొట్టేసి పదిసార్లు రాయమంది. తప్పు పిల్లది కాదు, ఆ మాటే ముందు సిక్స్ అంటోంది, పిల్ల ముందు 6 వేసింది. 'పదహారు అను, ముందు ఏం వినిపించింది' అంటే 'పది' అంది, 'తర్వాత?' అంటే 'ఆరు' అంది. పది అంటే చీపురు పుల్లలు పది కలిపి రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట, పక్కన విడిగా ఆరు పుల్లలు. ఆ సాయంత్రంతో 61 గొడవ పోయింది. పదకొండు, పన్నెండు కాస్త పేచీ పెడతాయి గానీ మిగతా అంకెలకి తెలుగు మాటలే స్థానవిలువ చెప్పేస్తాయి. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లకి ఇంట్లో లెక్క తెలుగులో చెప్పడానికి తల్లిదండ్రులు ఎందుకు అంత భయపడతారో తెలీదు, మా అమ్మాయి కూడా 'కన్‌ఫ్యూజ్ చేయకమ్మా' అంటుంది.

32లోంచి 17 తీసేటప్పుడు 'పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి' అని వాళ్ల స్కూల్లో చెప్పారట. మనమంతా అలాగే నేర్చుకున్నాం. మా మనవరాలు మాత్రం నన్ను అడిగింది, 'మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తారు అమ్మమ్మా?' అని. 33 ఏళ్లలో ఒక్క పిల్లా నన్ను ఈ ప్రశ్న అడగలేదు, లేకపోతే అడిగినా నేను వినిపించుకోలేదేమో. కట్ట విప్పి పది పుల్లలు కింద పోస్తే అప్పూ లేదు, వడ్డీ లేదు.

ఇంతకీ ఆ వయసుకి ఎంత వస్తే చాలు అని అడిగేవాళ్ల కోసం చెబుతున్నాను. చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకంలో ఈ లెక్క ఉంది. ఒకటో తరగతి అయ్యేసరికి నాలుగైదు తేలిక మాటలున్న కొత్త వాక్యం చదవాలి, 99 వరకు అంకెలు రావాలి. రెండు అయ్యేసరికి 999 వరకు, మూడు అయ్యేసరికి నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. (తెలుగులో మాటలు లెక్కపెట్టడం ఏమిటో, 'వచ్చేస్తున్నాననుకో' అన్నది కూడా ఒక్క మాటే కదా, సరే.) చూడ్డానికి చాలా తక్కువగా ఉంది కదా? ఇంటింటికీ వెళ్లి పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో, 2024లో, దేశం మొత్తం మీద పల్లెటూళ్లలో మూడో తరగతి పిల్లల్లో నూటికి 27 మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. తక్కిన 73 మంది చేతిలో పెట్టిన ప్రతి పుస్తకమూ, అది సైన్సయినా సోషలయినా, బొమ్మల పుస్తకమే.

టీచర్లని అని లాభం లేదు. 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది, అంటే ఇద్దరు ఐదు తరగతులు నెట్టుకురావాలి. ప్రైవేటులో అయితే మరీ పాపం, జీతం చెప్పుకోలేనంత, పైగా నోట్సులన్నీ దిద్దాలి, లేకపోతే తల్లిదండ్రులే గొడవకొస్తారు. నోట్సు నిండలేదని మా వియ్యపురాలు స్కూలుకెళ్లి అడిగొచ్చింది కూడా.

అందుకే తల్లిదండ్రులకి నాదొక మాట. ఫీజు కట్టే ముందు ఆ స్కూల్లో మూడో తరగతి పిల్లని ఒకరిని పిలిపించమని అడగండి, పాఠ్యపుస్తకం కాకుండా ఏదైనా కొత్త కథ పుస్తకం తీసి ఒక పేజీ చదివించండి, చదివాక ఏమైందో సొంత మాటల్లో చెప్పమనండి. ఐదు నిమిషాల పని. ఒప్పుకోని స్కూలు గురించి మీకే తెలిసిపోతుంది.

మీకు కూడా ఒక విన్నపం. మీ ఆదివారం పిల్లల పేజీలో కథలు బాగుంటున్నాయి కానీ అక్షరాలు చీమల్లా ఉంటున్నాయి, మాటలు పెద్దవాళ్లవి. ఒక మూల రెండో తరగతి పిల్లలు తమంతట తాము చదువుకునే నాలుగు వాక్యాలు, పెద్ద అక్షరాల్లో, వారానికొకసారి వేయించగలరా? ప్రస్తుతానికి మా పిల్ల మీ పేపర్లో కూడబలుక్కుని చదివేది సినిమా పేజీలో హీరోల పేర్లు ఒక్కటే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
బొబ్బిలి