కష్టపడితే రేడియాలజీ వస్తుందట!

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో నీట్ పీజీ, అంటే ఎంబీబీఎస్ అయ్యాక స్పెషలిస్టు సీట్ల కోసం రాసే పరీక్ష, ర్యాంకర్ల ముచ్చట్లు చూశాను. రోజుకు పద్నాలుగు గంటలు చదివితే రేడియాలజీ సీటు ఖాయమని రాశారు. కిందనే కోచింగ్ సెంటర్ వాళ్ల అరపేజీ ప్రకటన! సరే, పేపరు నడవాలి కదా.

మా అమ్మాయీ చదివింది. హౌస్ సర్జన్‌గా నైట్ డ్యూటీ చేసొచ్చి, నిద్ర ముంచుకొస్తే లేచి నిలబడి చదివేది. మార్చి అన్నారు, జూలై అన్నారు, చివరికి 2024 జూన్ 23న పరీక్ష అన్నారు. ముందురోజే ఖమ్మం నుంచి వెళ్లి దిల్‌సుఖ్‌నగర్‌లో లాడ్జిలో దిగాం. హాల్ టికెట్, ఆధార్ కవర్లో పెట్టి తలగడ పక్కనే ఉంచుకుంది. తీరా పడుకోబోతుంటే ఫోన్‌లో వార్త, పరీక్ష వాయిదా అని. పిల్ల ఏడవలేదు, నవ్వింది. అదే నాకు భయమేసింది.

చివరికి ఆగస్టు 11న పెట్టారు, అదీ రెండు షిఫ్టుల్లో. పొద్దున వాళ్లకో పేపరు, మధ్యాహ్నం వాళ్లకో పేపరు, ఆపైన రెండు పేపర్ల మార్కుల్నీ ఒకే కొలతకు తెచ్చే నార్మలైజేషన్. ప్రశ్నపత్రం బయటపెట్టలేదు, కీ ఇవ్వలేదు. ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ లెక్క నాకు నేటికీ అర్థం కాలేదు. 2025లోనూ జూన్ 15న రెండు షిఫ్టులే అన్నారు. సుప్రీంకోర్టు మే 30న అది కుదరదంటే ఆగస్టు 3న ఒకే షిఫ్టులో పెట్టారు. సంతోషం. మరి ముందటేడు రాసినవాళ్లు ఏం పాపం చేశారు? నా సర్వీసులో పదో తరగతి పరీక్షకు పావుగంట ఆలస్యంగా బండిల్ విప్పానని మెమో ఇచ్చారు. దేశం మొత్తం పరీక్షను రాత్రికి రాత్రి ఆపినవాళ్లకు ఎవరిచ్చారో మీరైనా రాయండి.

పోనీ, ఇంత వడపోశాక ర్యాంకుకైనా విలువుందా? 2023లో సీట్లు మిగిలాయని కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించారు. పరీక్ష హాల్లో కూర్చున్న ప్రతివాడూ అర్హుడే! ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో క్లినికల్ సీటంటే, అంటే రోగుల్ని చూసే కోర్సుకు, ఏడాదికి ఇరవై లక్షల పైమాటే, అలా మూడేళ్లు కట్టాలి. ఎన్నారై కోటా సంగతి చెప్పక్కర్లేదు. మా అమ్మాయికన్నా వేల ర్యాంకులు వెనకున్న క్లాస్‌మేట్ ఇప్పుడు డెర్మటాలజీ, అదే చర్మవైద్యం, చేస్తున్నాడు. వాళ్లకు రైస్ మిల్లుంది. కుర్రాడు మంచివాడే, అతన్ని అనను.

మా పిల్ల పీడియాట్రిక్స్, అదే పిల్లల వైద్యం, కోరుకుంది. రెండుసార్లు రాసినా రాలేదు. ఎంబీబీఎస్ ఒక్కటే ఉందంటే జనం ఇంకా చదువుతున్నావా అని అడుగుతారు. జ్వరమొస్తే మాత్రం ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ఇంజెక్షన్ చేయించుకుంటారు. అతన్నెవరూ ర్యాంకు అడగరు.

ఈసారి ర్యాంకర్ల ఫొటోలు వేసేటప్పుడు పక్కన సీటు ఏ కోటాలో వచ్చిందో, ఫీజు ఎంత కట్టారో కూడా వేయండి. జాగా చాలకపోతే ఆ కోచింగ్ ప్రకటన కాస్త తగ్గించండి.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఖమ్మం