నిద్రలోనే డయాలసిస్ అన్నారు, నిద్ర సంగతి అడగలేదు

సంపాదకులకు నమస్కారం.

నా భార్యకు మూడేళ్లుగా ఇంట్లోనే డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకునే పద్ధతి కాదు. పొట్టలో అమర్చిన గొట్టం ద్వారా గ్లూకోజు కలిసిన ద్రవాన్ని లోపలికి పంపి, కొన్ని గంటల తరవాత మలినాలతో సహా బయటికి తీసే పెరిటోనియల్ డయాలసిస్. మొదటి ఏడాదిన్నర రోజుకు నాలుగుసార్లు, రెండేసి లీటర్ల బ్యాగులు చేత్తోనే మార్చుకున్నాం. తరవాత రాత్రి తొమ్మిది గంటలపాటు ఆ పనంతా తనే చేసే యంత్రానికి మారాం. ఇక హాయిగా పడుకోండి, నిద్రలోనే డయాలసిస్ అయిపోతుంది అని చెప్పి మరీ ఇచ్చారు. డయాలసిస్ అవుతోంది. నిద్రే లేదు.

చేత్తో బ్యాగులు మార్చే రోజుల్లోనే ఈ బాధ మొదలైంది. రాత్రి పదిన్నరకు చివరి బ్యాగు ఎక్కించుకుని మంచమెక్కిన పావుగంటకు ఆమెకు పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లోపలి నుంచి లాగుతున్నట్టు ఉండేది. లేచి నడిస్తే తగ్గేది, పడుకుంటే మళ్లీ మొదలు. ఒంటిగంట దాకా వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేది. నేను నీరసమనుకున్నాను. మా వదినగారు వాతమన్నారు. నువ్వుల నూనె మర్దనా చేశాం, కాళ్లకు గుడ్డలు బిగించి కట్టాం. ప్రతి నెలా పరీక్షలకు వెళ్లినప్పుడు క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్, బరువు అన్నీ చూసేవారు. రాత్రులు ఎలా గడుస్తున్నాయని ఒక్కరూ అడగలేదు. అది కూడా చెప్పుకోవలసిన సంగతేనని మాకూ తోచలేదు.

చివరికి వీధి చివర మందుల దుకాణంలో చీటీ లేకుండానే నిద్రమాత్రలు తెచ్చాను. నా తప్పే. మర్నాడు ఆరింటి బ్యాగు వేళకు ఆమె ఇంకా మత్తులోనే ఉంది. మాస్కు గడ్డం కిందికి జారింది. గొట్టం మూత తీసి, ముట్టుకోకూడని కొనను వేలితో ముట్టుకుంది. నేను పక్కనే ఉండబట్టి బ్యాగు తగిలించకుండా ఆపాను. పరుగున ఆసుపత్రికి వెళితే గొట్టం చివరి భాగం మార్చి యాంటీబయాటిక్ ఇచ్చారు. చూడకుండా తగిలించి ఉంటే పొట్టలో ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉండేది. బయటికి వచ్చే ద్రవం మబ్బుగా కనిపిస్తే పరిగెత్తుకు రండి అని మొదటి రోజే నేర్పేది దాని గురించే. ఇంట్లో డయాలసిస్ చేసుకునేవారికి నిద్రలేమి సుఖానికి సంబంధించిన విషయం కాదు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. చేతులు కడుక్కుని, ఫ్యాను ఆపి, తలుపు మూసి, వరస తప్పకుండా చేయవలసిన పనిని నిద్రలేని మనిషి చేతిలో పెడుతున్నాం.

ఆ రోజు అక్కడున్న నర్సమ్మ అడిగింది, "మాత్ర ఎందుకు వేసుకున్నావమ్మా, రాత్రి ఏమవుతోంది?" అని. బాధ మొదలైన ఏడు నెలల్లో అదే మొదటిసారి. కాళ్ల సంగతి వినగానే దానికి పేరుందని చెప్పింది, రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారట, కిడ్నీ రోగుల్లో తరచుగా కనిపించేదేనట. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గితే ఎక్కువవుతుంది. పరీక్ష చేస్తే తక్కువే ఉన్నాయి, ఇంజెక్షన్లు ఇచ్చారు. వాంతులకని వాడుతున్న మెటోక్లోప్రమైడ్ కూడా ఈ బాధను పెంచుతుందని డాక్టరుగారు మాన్పించారు. నెల తిరిగేసరికి వరండాలో నడక సగానికి సగం తగ్గింది. ఒక్క ప్రశ్న చేసిన పని ఇది. పాఠకుల్లో ఎవరైనా మాలాగే దుకాణం మాత్రలకు పోతుంటే దయచేసి ఆగండి. చాలా మందులు కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీలు పనిచేయనివారిలో మామూలు మోతాదు కూడా ఒంట్లో పేరుకుంటుంది.

కాళ్ల బాధ ఒక్కటే కాదు. ఫాస్ఫరస్ పెరిగితే దురద నిద్ర పోనివ్వదు. ఒంట్లో నీరు నిలిస్తే పడుకోగానే ఆయాసం, గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. ఉప్పు తగ్గించడానికి మా ఇంట్లో ఆవకాయ జాడీ అటక ఎక్కాక ఆమెకు రెండు దిండ్ల అవసరం పోయింది. ఆ త్యాగంలో నాకూ వాటా ఉందని మనవి. సాయంత్రం టీ, మధ్యాహ్నం రెండు గంటల కునుకు మానడం కూడా కొంత పనిచేశాయి.

ఇక యంత్రం. దానికి మంచి చెవులున్నాయి. ట్యూబు ఆమె పక్కకింద మడతపడినా, మలబద్ధకం వల్ల నీరు నెమ్మదిగా దిగినా కూతపెడుతుంది. లేచి సరిచేసేది నేను, నాకు అరవై ఆరేళ్లు. ఆమె నిద్రలేమి ఇప్పుడు ఆసుపత్రి చీటీలో ఉంది, నాది ఏ చీటీలోనూ లేదు. అయినా అది మా ఇంటి గొడవ, పడతాం. మా చేతిలో లేనిది కరెంటు.

నేను విద్యుత్ శాఖలో 32 ఏళ్లు లైన్ల మీద పనిచేసి 2020లో రిటైరయ్యాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, కిడ్నీ రోగులు ఎక్కువగా ఉన్న మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో పడిపోయిన స్తంభాల మధ్య పనిచేసినవాళ్లలో నేనూ ఒకడిని. అర్ధరాత్రి ఫోన్లు చేసేవారిని విసుక్కున్నవాళ్లలోనూ ఉన్నాను, దాచడం ఎందుకు. ఇప్పుడు అవతలి పక్క నిలబడి చూస్తున్నాను. ఈ యంత్రంలో ద్రవాన్ని వేడిచేసే హీటరు ఉంటుంది. ఫ్యాను, రెండు బల్బులు మోసే ఇంటి ఇన్వర్టరు దాన్ని ఎంతోసేపు మోయలేదు. కరెంటు ఎక్కువసేపు పోతే ఆ రాత్రి చికిత్సను మధ్యలో ఆపి, చీకట్లో టార్చి పట్టుకుని మళ్లీ చేతి బ్యాగుకు మారాలి. పోయినేడాది వేసవిలో ఒక్క వారంలో మూడు రాత్రులు అలా జరిగింది. అందులో రెండు రాత్రులు లైను పనికి ముందే అనుకుని ఆపినవని తరవాత తెలిసింది. ముందుగా తెలిస్తే ఆ రాత్రికి యంత్రం పెట్టేవాళ్లమే కాదు.

బిల్లు గడువు దగ్గరపడితే నా ఫోనుకు సందేశం ఠంచనుగా వస్తుంది. సర్వీసు నంబరు, ఫోను నంబరు, ఇంటికి కరెంటు ఏ లైను నుంచి వస్తోందో అన్నీ విద్యుత్ శాఖ దగ్గరున్నాయి. ఏ ఇంట్లో డయాలసిస్ యంత్రమో, ఆక్సిజన్ యంత్రమో నడుస్తోందో సెక్షన్ ఆఫీసులో ఒక జాబితా ఉంచి, లైన్ క్లియర్, అంటే పనికోసం కరెంటు ఆపే అనుమతి, తీసుకునే ముందు ఆ ఇళ్లకు సందేశం పంపడం బ్రహ్మవిద్య కాదు. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో విద్యుత్ సంస్థలు ఇలాంటి జాబితాలు ఉంచుతున్నాయి.

ప్రభుత్వానికి ఈ రోగం కొత్త కాదు. ఉద్దానం కోసం పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. 2016లో కేంద్రం ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమంలోకి 2019లో పెరిటోనియల్ డయాలసిస్ కూడా వచ్చింది. రోగిని ఇంటికి పంపే పద్ధతిని ప్రోత్సహించేవారు ఆ ఇంట్లో రాత్రి ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి. నెలవారీ చీటీలో బరువు, బీపీ పక్కన నిద్రకు ఒక గడి పెట్టండి: కాళ్లు, దురద, గురక, ఎన్నిసార్లు లేచారు. 104 ఆరోగ్య సహాయ నంబరుకు రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఈ డయాలసిస్ తెలిసిన ఒక నర్సు పలికేలా చూడండి. నీరు దిగకపోతే భయపడాలో, పక్కకు తిరిగి పడుకుంటే చాలో చెప్పడానికి ఆ ఒక్క మనిషి చాలు.

కరెంటు జాబితా తయారుచేయడానికి మనుషులు లేరని అంటారేమో. మా సెక్షన్ వరకు ఇల్లిల్లూ తిరిగి నేను రాసిస్తాను. జీతం అక్కర్లేదు, ఎలాగూ మెలకువగానే ఉంటున్నాను.

— ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి, శ్రీకాకుళం జిల్లా